గతమును చెప్పుకొనుటకు నేర్చిన భాష

మా కుమారుడు దక్షిణ కొరియా దేశమున నుద్యోగము చేయుచు అచ్చటి పిల్లనే వివాహమాడెను. కోడలు కొంత తెలుగు నేర్చినది గాని, ఆమె తల్లికి కొరియా భాష తప్ప వేఱొకటి రాదు. మే మిరువురమును భర్తలను పోగొట్టుకొన్నవారము. వదినగారితో నడుమ నొకరు లేకుండ నాలుగు మాటలాడవలెనని నాకు కోరిక కలిగి, వైరాలో ఇంటి పనులు తీరిన పిదప ఫోనులోని పాఠములతో అభ్యాసము మొదలిడితిని.

సోదరీమణులారా! ఆ దేశపు లిపి కథ మన మెఱుగదగినది. సామాన్యజనులకు చీనా లిపి దుస్సాధ్యముగ నున్నదని సెజోంగ్ మహారాజు 1443లో క్రొత్త యక్షరములను కల్పించి 1446లో ప్రకటించెను. పండితులు వానిని ఆడువారి వ్రాతలని చులకన చేసిరి. స్త్రీలు మాత్రము వానితోనే యుత్తరములు వ్రాసికొనిరి. నేడు దేశమంతయు వ్రాయున దదియే.

భాషలో వాక్యనిర్మాణము మనకు పరిచితమే. క్రియ కడపట వచ్చును. ఊరి పేరునకు ‘ఏ’ చేర్చిన మన ‘కు’ వలె పనిచేయును. ‘సమ్ న్యొన్ జొనే’ యన్నచో ‘మూడేండ్ల క్రిందట’. మాటల వరుస సైతము మనదే. ‘కాయో’ యనిన ‘వెళ్ళుదును’, ‘కస్సొయో’ యనిన ‘వెళ్ళితిని’. నేను, నీవు, వాడు అను భేదమునుబట్టి క్రియ మాఱదు. గౌరవమునుబట్టి మాత్రము మాఱును. ఒక చోటికి పోయిన యనుభవమును చెప్పుటకు ‘కా బ్వాస్సొయో’ యందురు. మాటకు మాటగా ‘వెళ్ళి చూచితిని’. ఇట్టి పోలికలను చూచియే హల్బర్టు అను నాతడు 20వ శతాబ్ది యారంభమున కొరియా భాషకును ద్రావిడభాషలకును చుట్టఱికము కలదని వాదించెను. భాషాశాస్త్రజ్ఞులు దాని నంగీకరింపలేదు.

కాలము చెప్పుట కొంత కష్టము. గంటలకు దేశ్యసంఖ్యలు, నిమిషములకు చీనానుండి వచ్చిన సంఖ్యలు వాడవలెను. మనకు సాయంకాలము 5 గంటలైనప్పుడు వారికి రాత్రి 8:30. ‘యొదొల్ సీ సంసిప్ పున్’ అని నేర్చిన పిదప గదా, ఆమెకు నిద్రవేళ కాకుండ మాటాడగలిగితిని!

వర్తమానకాలమున మా కేమి సంభాషణ? తింటిరా, బాగుంటిరా యనుటతో సరి. ఈ వయస్సున చెప్పుకొనదగిన దంతయు గతముననే యున్నది. నా భర్తతో భద్రాచలమునకు కళ్యాణము చూడబోవుట, దారిలోని యడవి, గోదావరి స్నానము, ఇవియన్నియు చిన్న వాక్యములుగ కూర్చుకొంటిని. తరువాత నొక మాట కావలసివచ్చెను. చనిపోవుటకు వారికిని సామాన్యమైన క్రియ కలదు. పెద్దలయెడ దానిని వాడరు. ‘తోరాగస్యొస్సొయో’ యందురు. ‘తిరిగి వెళ్ళిరి’ అని దాని యర్థము. మనమో ‘కాలము చేసిరి’ అందుము. వారు మరణమును ప్రయాణముగ చెప్పిరి, మనము కాలముగ చెప్పితిమి.

ఆ మాట నేనన్నప్పుడు వదినగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట తన భర్తను గూర్చి అదే మాట యనిరి. వారిరువురును పుసాన్ సముద్రతీరమునకు పోయిన దినమును మెల్లగా, నాకు తెలియునట్లు చెప్పిరి. కోడలి సహాయము మాకు కావలసిరాలేదు.

మీ బిడ్డలు పరదేశమున సంబంధము చేసికొనినచో, అచ్చటి భాషలో ముందుగ భూతకాలక్రియను నేర్చుకొనుడు. కుశలప్రశ్నలతో పరిచయమగును; గడచిన దినములను చెప్పుకొనిననే చుట్టఱిక మేర్పడును.