బుధవారం రాత్రిలోగా

భీమవరం దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీ. సాయంత్రం నాలుగున్నర దాటాక రెండో అంతస్తులోని ల్యాబ్‌కి పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. వాళ్లకు పాఠం చెప్పే ప్రొఫెసరు మద్రాసులోనో ఖరగ్‌పూర్‌లోనో ఉంటారు. ఆయన్ని వీళ్లు తెర మీద రోజూ చూస్తారు. గొంతు గుర్తుపడతారు, ఆయన అలవాటుగా అనే మాటలు తమలో తాము అనుకుంటారు కూడా. ఆయనకు మాత్రం వీళ్లలో ఒక్కరూ తెలియరు. ఈ ఇద్దరికీ నడుమ నిలబడేది కంప్యూటర్ సైన్సు విభాగంలో పనిచేసే ఒక లెక్చరరు. తన పేరు రాయవద్దని ముందే కోరారు. పిల్లలు పిలిచినట్టే నేనూ మేడం అని రాస్తాను.

ఆన్‌లైన్ చదువు ప్రస్తావన వస్తే వీడియో బాగుందా, నెట్ అందుతుందా అని అడుగుతాం. నేను చూడదలచుకున్నది వేరే. పాఠం మధ్యలో ఒక పిల్లవాడికి అర్థం కాలేదు. వాడు ఎవరిని అడుగుతాడు? ఏమని అడుగుతాడు? జవాబు ఎప్పటికి వస్తుంది? ఆన్‌లైన్ కోర్సు మంచిచెడ్డలు తేలేది అక్కడేనని నా నమ్మకం. అందుకే వీడియోలు తీసే స్టూడియోకి కాకుండా ఈ ల్యాబ్‌కి వచ్చాను.

ఈ కోర్సులు నడిచే తీరు కొంత చెప్పాలి. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్‌ని మొదలుపెట్టాయి. తొలి ఏళ్లలో అవి నెట్‌లో పెట్టిన పాఠాలే. ఓపికున్నవాళ్లు చూసుకునేవారు. 2014లో సర్టిఫికెట్ కోర్సులు వచ్చాక పద్ధతి మారింది. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు వచ్చాయి. వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది. సందేహాలు రాయడానికి ఒక చోటు, వాటిని చూడడానికి ప్రొఫెసరుతో పాటు టీచింగ్ అసిస్టెంట్లు ఉంటారు. ఇప్పుడివి స్వయం వేదిక మీద నడుస్తున్నాయి. చేరడానికి డబ్బు కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. కాలేజీ లోకల్ చాప్టర్‌గా నమోదైతే అక్కడి అధ్యాపకులు మెంటర్లుగా ఉంటారు. తమ పిల్లల్లో ఎవరు అసైన్‌మెంటు పంపారో, ఎవరికెన్ని మార్కులొచ్చాయో వాళ్లకు తెలుస్తుంది. సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం దాకా స్వయంలో చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2016లో చెప్పింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. ఇష్టమైతే చూసే వీడియో కాస్తా డిగ్రీలో భాగమైపోయింది. ముఖాముఖి ఎన్నడూ చూడని గురువు చెప్పిన పాఠం మీద పిల్లల క్రెడిట్లు ఆధారపడుతున్నాయి.

మెంటర్ అన్న పదవికి మేడం చాలా పెద్ద అర్థమే తీసుకున్నారు. కోర్సు మొదలైన వారంలో ఆమె పాఠం జోలికే వెళ్లరు. ఒక్కొక్కరినీ అరనిమిషం తెలుగులో మాట్లాడి వాయిస్ మెసేజ్ పెట్టమంటారు. ఊరేది, ఫోను ఎవరిది, చదువుకోవడానికి ఏ వేళ కుదురుతుంది, ఏ సబ్జెక్టంటే బెరుకు, ఇవి చెప్తే చాలు. విన్నదంతా ఒక రూళ్ల పుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకం నాకు చూపించారు. ఒకబ్బాయి వాళ్ల నాన్నతో రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలాకి వెళ్తాడు. గట్టు మీద సిగ్నల్ బాగుంటుందట. ఏరేటర్ల మోత వినపడకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అక్కడే పాఠాలు వింటాడు. ఒకమ్మాయికి అన్నయ్య పనిలోంచి వచ్చాక, తొమ్మిది దాటితే గాని ఫోను చేతికి రాదు. ఇంకొకమ్మాయి "ఇంగ్లిషు గబగబా మాట్లాడేస్తే నాకు అందదు మేడం" అని దాచకుండా చెప్పింది. ఎన్‌పీటెల్ పాఠాల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. అవెక్కడ ఉంటాయో ఆ అమ్మాయికి పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు.

మేడం తన మెసేజీలు రాత్రి తొమ్మిదిన్నరకే ఎందుకు పంపుతారో ఆ పుస్తకం చూశాక తెలిసింది. పొద్దున పంపినవి సాయంత్రానికి వంద మెసేజీల కింద పడిపోతాయి. ఆమె మెసేజీ ఎప్పుడూ మూడు వాక్యాలు దాటదు. ఈ వారం పాఠంలో కష్టమైన చోటు ఏది, అసైన్‌మెంటు గడువు ఎప్పుడు, సందేహాలకు ఎప్పుడు దొరుకుతాను. వారానికొకటి, అదే రోజు, అదే వేళ. "నేను పంపుతానని వాళ్లకి తెలిసుండాలండి. ఒక వారం మానేశాననుకోండి, రెండో వారం చూడడం మానేస్తారు," అన్నారు.

నేను వెళ్లింది మంగళవారం. ఈ కోర్సుల అసైన్‌మెంట్లకు గడువు మామూలుగా బుధవారం రాత్రి 11:59. అందుకని ల్యాబ్‌లో హడావుడిగా ఉంది. పైథాన్ కోర్సు చదువుతున్న ఒక కుర్రాడు చేయెత్తాడు.

"మేడం, ప్రోగ్రాం రావట్లేదండి."

"రావట్లేదంటే ఏంటి నాన్నా? డాక్టరు దగ్గరికెళ్లి ఒంట్లో బాగాలేదని ఊరుకుంటావా? ఎక్కడ నొప్పో, ఎప్పట్నుంచో చెప్పొద్దూ? చీటీ రాయి."

ఇక్కడి చీటీకి మూడు గీతలుంటాయి. నేనేం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది. కుర్రాడు కాసేపు గోళ్లు కొరికి రాశాడు. రేంజ్‌లో 1, 10 అని ఇచ్చాను. ఒకటి నుంచి పది దాకా వస్తాయనుకున్నాను. తొమ్మిదితో ఆగిపోయింది. రాయడం అయ్యాక తనే చీటీ వంక చూస్తూ, "పది దగ్గర ఆపమన్నట్టా మేడం, పది కూడా కలిపి కాదా?" అన్నాడు. మేడం అవునని తలూపి, "మరి ఒకటి దగ్గర మొదలెట్టింది కదా, అది మాత్రం ఎందుకు కలిసింది?" అని ఇంకో ప్రశ్న వాడి చేతిలో పెట్టి అవతలి బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఈ మూడు గీతల పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అర్థం కాలేదని చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారని మనం అనుకుంటాం. సిగ్గు ఉంటుంది, నిజమే. దానికన్నా పెద్ద అడ్డంకి, ఏది అర్థం కాలేదో చెప్పడం చేతకాకపోవడం. ఎదురుగా ఉన్న మాస్టారు పిల్లవాడి ముఖం చూసి, నోట్సులోకి తొంగిచూసి పట్టేస్తారు. తెర అవతలున్న మనిషికి ఆ వీలు లేదు. ఆయన దగ్గరికి వెళ్లేది రాసిన మాట ఒక్కటే. ఆన్‌లైన్ కోర్సులో ప్రశ్న అడగడం కూడా నేర్పవలసిన విద్యే. దాన్ని ఏ సిలబస్‌లోనూ పెట్టలేదు.

ఇంగ్లిషు భయం దీనికి తోడు. కోర్సు సందేహాల చోట "నాట్ అండర్‌స్టాండింగ్ సార్, ప్లీజ్ హెల్ప్" లాంటివి వరసగా కనబడతాయి. దానికి టీచింగ్ అసిస్టెంటు మాత్రం ఏం చెప్పగలడు? మేడం దగ్గర పిల్లలు ముందు తెలుగులో ప్రశ్న చెప్తారు. నలుగురు కలిసి దాన్ని ఇంగ్లిషులో పెడతారు. వారం నంబరు, పాఠం నంబరు, వీడియోలో ఎన్నో నిమిషమో తప్పకుండా రాస్తారు. నేనుండగానే, రెండు రోజుల కిందట పెట్టిన ఒక ప్రశ్నకు జవాబు వచ్చింది. రాసినమ్మాయిని పేరు పెట్టి పలకరించి, నీ ప్రోగ్రాంలో ఆరో లైను వరకూ సరిగ్గా ఉంది, ఏడో లైనులో లూపు బయట ఉండవలసింది లోపలికి వచ్చింది, ఒకసారి జరిపి చూడు అని రాశారు అవతలివాళ్లు. ఆ అమ్మాయి జవాబు కన్నా ముందు తన పేరును రెండుసార్లు చదువుకుంది. సరిచూసుకోండి, పాఠం మళ్లీ వినండి అన్న జవాబులూ నేను చాలా చూశాను. వాటికి పట్టే సమయం తక్కువే, కానీ అందుకున్నవాళ్లు మళ్లీ అడగరు.

ల్యాబ్‌లో ఆ వేళ ఇంకో పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. రిటైరైన డిగ్రీ కాలేజీ లెక్చరరు. సార్వత్రిక విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో ఆదివారాలు కౌన్సెలింగ్ తరగతులు చెప్పినవారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా 1982లో మొదలైంది, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకి కూడా తొలి వైస్ చాన్సలరయ్యారు. "పుస్తకాలు ఇంటికి పంపేవారండి. పుస్తకమే మాస్టారన్నట్టు రాసేవారు వాటిని. అయినా ఆదివారం వచ్చేసరికి కండక్టర్లు, కానిస్టేబుళ్లు, పిల్లల తల్లులు బస్సులెక్కి వచ్చేసేవారు. దేనికనుకుంటున్నారు? అడగడానికే," అన్నారాయన.

ఆయన మాటతో నాకు ఇంకా వెనకటి సంగతులు గుర్తొచ్చాయి. ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా రాగానే ఐజాక్ పిట్‌మన్ ఉత్తరాల మీద షార్ట్‌హ్యాండ్ నేర్పాడు. విద్యార్థి రాసి పంపినదాన్ని దిద్ది తిరిగి పంపేవాడు. దూరవిద్య దిద్దుబాటుతోనే పుట్టింది. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా 2400 పల్లెలకు టీవీ పాఠాలు అందించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఎంతో గొప్ప ప్రయత్నం అది. కానీ చూస్తున్న పిల్లవాడు ఆ టీవీని తిరిగి ఏమీ అడగలేడు. 2004లో ఎడ్యుశాట్ ఎగిరాక కొన్ని కేంద్రాల నుంచి తిరిగి మాట్లాడే వీలు కలిగింది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో దూరవిద్య మీద పనిచేసిన మైకేల్ మూర్ ఎప్పుడో చెప్పాడు, గురుశిష్యుల మధ్య దూరాన్ని మైళ్లలో లెక్కపెట్టకూడదని. సంభాషణ ఎంత తక్కువైతే దూరం అంత ఎక్కువ. ఆ లెక్కన మూడువందల మంది కూర్చున్న తరగతి గదిలోనూ చాలా దూరం ఉండొచ్చు.

ఆరు గంటలకు ఒక కోర్సు వాళ్ల ప్రత్యక్ష తరగతి ఉంటే అందరం కలిసి చూశాం. చెప్పే ఆయన మంచి ఓపికమంతుడు. ఒక లెక్క చేసి "అర్థమైందా?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. వినిపిస్తోందా అని అడిగారు. యెస్ సార్, యెస్ సార్ అని కింద వరసగా పడ్డాయి. ఎవరైనా మైకు ఆన్ చేయండి అన్నారు, చేయలేదు. అప్పుడాయన అడగడం మార్చారు. ఇదే లెక్కలో 5 బదులు 8 వేస్తే జవాబెంత, తప్పయినా పర్వాలేదు, అంకె ఒక్కటి రాయండి అన్నారు. అంతే, అంకెలు పడ్డాయి, ఒకదాని మీద ఒకటి. మా ల్యాబ్‌లో చెరువు కాపలా కుర్రాడు కూడా టకటకా కొట్టాడు. సగం మందికి ఒకటే తప్పు జవాబు వచ్చింది. ఎక్కడ పొరబడుతున్నారో ఆయనకు వెంటనే తెలిసిపోయి, ఆ మెట్టు మళ్లీ వివరించారు. అర్థమైందా అనే ప్రశ్నకు మన పిల్లలు చిన్నప్పట్నుంచి ఒకే జవాబు అలవాటు చేసుకున్నారు. తెర మీద దాన్ని అడగకపోవడమే మంచిది.

రికార్డయిన పాఠాన్ని కూడా మేడం ఒకేసారి చూడనివ్వరు. నాలుగు ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను లెక్కగట్టి, వీడియో ఆరు నిమిషాలు దాటితే చూసేవాళ్ల శ్రద్ధ తగ్గుతుందని ఫిలిప్ గువో బృందం 2014లో చూపించింది. అరగంట పాఠాన్ని మార్చడం మేడం చేతుల్లో లేదు. కాబట్టి నాలుగు చోట్ల ఆపి, ఆపిన చోటల్లా ఒక చిన్న ప్రశ్న వేస్తారు.

ఆమెను బాధపెట్టే సంగతి ఒకటుంది. గడువుకు ముందే అసైన్‌మెంటు జవాబులు టెలిగ్రాం గుంపుల్లో, యూట్యూబులో తిరుగుతుంటాయి. వాటిని చూసి కొట్టేసినవాడికి 25కి 24 వస్తాయి, పరీక్ష హాల్లో చేతులెత్తేస్తాడు. మేడం ఎవర్నీ దొంగ అనరు. వారానికి ఐదారుగురిని పిలిచి, అసైన్‌మెంటులో ఏదో ఒక జవాబు ఎలా వచ్చిందో తెలుగులో రెండు నిమిషాలు చెప్పమంటారు. చెప్పలేకపోతే మార్కులేమీ పోవు, ఆ పాఠం కలిసి చేస్తారు. "అడిగితే చెప్పేవాళ్లున్నారని తెలిస్తే కాపీ ఎందుకు కొడతారండి? చాలామంది దిక్కుతోచక కొడతారు," అన్నారు. ఇది పూర్తిగా నిజమని నేను అనుకోను. కొందరు సులువని కూడా కొడతారు. అయినా గడువు రాత్రి ఒంటరిగా కూర్చున్న పిల్లల సంఖ్య తక్కువేమీ కాదు.

ఇంత పనికీ ఆమె టైంటేబుల్‌లో ఒక్క గంట లేదు. తరగతులన్నీ అయ్యాక, ఆరూ నలభై బస్సు దాకా ఉన్న సమయమే ఇది. వెళ్లేముందు ప్రిన్సిపాల్ గారిని కలిసి ఆ మాటే అడిగాను. ఆయన విసుక్కోలేదు. వర్క్‌లోడు లెక్కలో మెంటరింగ్‌కు గడి లేదని, వచ్చే సెమిస్టర్‌కి ఒక పీరియడ్ ఇద్దామనుకుంటున్నామని చెప్పి టైంటేబుల్ కాగితం తీశారు. గురువారం ఆఖరి పీరియడ్ ఖాళీగా ఉంది, అక్కడ వేద్దామన్నారు.

"గురువారం వద్దు సార్. బుధవారం రాత్రితో గడువైపోతుంది. మంగళవారం ఇవ్వండి," అన్నారు మేడం.

మంగళవారం ఆ పీరియడ్‌లో మెకానికల్ వాళ్లకు డ్రాయింగ్ ఉంది. ప్రిన్సిపాల్ గారు కాసేపు కాగితం అటూ ఇటూ తిప్పి, మెకానికల్ హెచ్‌ఓడీకి ఫోన్ చేశారు.