పంపు మార్చే ముందు మూడు వైర్లు చూసుకోండి

ఈసారి పంట గురించి కాదు, పంట మోసే బండి గురించి రాస్తున్నాను. కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి. మనలో చాలామంది దగ్గర ఇప్పుడు డీజిల్ పికప్ బండ్లున్నాయి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కూడా ట్రెమ్-4 రూలు వచ్చింది. దాంతో సీఆర్‌డీఐ ఇంజన్లు మన చేలల్లోకి కూడా వచ్చేశాయి. పాత ఇంజనైతే స్పానరు ఉంటే సగం రోగం మనమే కుదిర్చేవాళ్లం. ఈ కొత్తవాటికి లైటు వెలిగిందంటే చాలు, మనకు గుండె జారిపోతుంది, అవతల వాళ్లకు బిల్లు పెరిగిపోతుంది.

మొన్న మిర్చి కోతలప్పుడు మా పికప్‌కి ఇదే జరిగింది. కల్లంలో కాయ ఎండింది, పైన మబ్బు పట్టింది, గుంటూరు యార్డుకి 30 టిక్కీలు వేయాలి. లోడుతో డొంకదారి ఎక్కగానే ఇంజన్ లైటు వెలుగుతుంది, బండి లాగదు. ఆపి, తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే పోతుంది. తారురోడ్డు మీద ఖాళీగా ఏ గొడవా లేదు. వర్క్‌షాపులో మెషిన్ పెట్టి చూసి, "రైలు ప్రెజర్ కోడు వచ్చింది, పంపు సెట్టు మార్చాలి, 85 వేలు అవుద్ది" అన్నారు. ఎకరం మిర్చికి కూలీల ఖర్చు ఎంతో మీకు తెలుసు. 85 వేలంటే మాటలా?

ఇక్కడ రైలు అంటే ఇంజన్ మీద ఉండే లావుపాటి ఇనుప గొట్టం. పంపు డీజిల్‌ని అందులోకి గట్టిగా తోస్తుంది, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు పోతుంది. మన డ్రిప్‌లో మెయిన్ లైను, దాని నుంచి లేటరల్స్ ఎలాగో ఇదీ అంతే. ఆ గొట్టం చివర ఒక సెన్సార్ ఉంటుంది. డ్రిప్ ఫిల్టరు దగ్గర ప్రెజర్ గేజీ ఉంటుంది చూడండి, అదే పని. గేజీ ముల్లు చెడిపోతే మోటారు పీకి కొత్తది దించుతామా? ముందు గేజీ నిజం చెబుతోందా లేదా అని చూస్తాం. బండికీ అదే న్యాయం.

ఆ సెన్సార్‌కి మామూలుగా మూడు వైర్లుంటాయి. ఒకటి కంప్యూటర్ పంపే 5 వోల్టులు. రెండోది ఎర్త్. మూడోది సిగ్నల్, అంటే ప్రెజర్ ఎంతుందో కంప్యూటర్‌కి చెప్పే వైరు. చాలా బండ్లలో ప్రెజర్ లేనప్పుడు సిగ్నల్ మీద అర వోల్టు దరిదాపు ఉంటుంది, ప్రెజర్ పెరిగేకొద్దీ నాలుగు, నాలుగున్నర దాకా పోతుంది. అంతకన్నా పైకి పోయినా, అర వోల్టు కన్నా బాగా కిందికి పడినా, కంప్యూటర్ ఆ మాట నమ్మదు. తన లెక్క తాను వేసుకుని బండి బలం తగ్గించేస్తుంది. మనకు బండి లాగనట్టు అనిపించేది అందుకే.

కోడు నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. పీ 0190 నుంచి పీ 0193 వరకు ఈ సెన్సార్‌వే. 0190 అంటే సర్క్యూట్‌లో తేడా, 0191 అంటే లెక్క పొసగడం లేదని, 0192 అంటే సిగ్నల్ మరీ తక్కువ, 0193 అంటే మరీ ఎక్కువ. రైలులో నిజంగానే ప్రెజర్ చాలకపోతే వచ్చేది వేరే కోడు, పీ 0087. మా బండికి వచ్చింది 0193.

మా బావమరిది మోటార్లు వైండింగ్ చేస్తాడు. కోడు చూసి వాడు ఒక్క మాటన్నాడు. "బావా, ఇంజన్ ఆపేసి ఉంటే పంపు తిరగదు. పంపు తిరక్కపోతే రైలులో ప్రెజర్ ఉండదు. అప్పుడు కూడా సెన్సార్ ఎక్కువ ప్రెజర్ ఉందని చెబితే అది అబద్ధమేగా? దానికి పంపేం చేస్తుంది?" నాకైతే ఆ మాటతోనే సగం భారం దిగింది.

ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగాం. తాళం ఆన్ చేశాం, స్టార్ట్ చేయలేదు. సిగ్నల్ వైరు దగ్గర ప్లగ్గు వెనక నుంచి డిజిటల్ మీటరు పుల్ల ఆనిస్తే అర వోల్టు చూపించింది. బాగానే ఉందిగా అనుకోకండి, డొంకదారిలో కుదుపుకే కదా రోగం బయటపడేది. వైర్ల కట్టని అటూ ఇటూ మెల్లగా కదిపాడు. ఒకచోట కదిపినప్పుడల్లా అర వోల్టు కాస్తా 4.8కి ఎగిరింది. నిలబడి ఉన్న ఇంజన్‌లో అంత ప్రెజర్ ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాత తాళం ఆపి ప్లగ్గు ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి వైర్ల వైపు కొలిచాం. మీటరు ఎర్రపుల్ల 5 వోల్టుల పిన్ను మీద, నల్లపుల్ల బ్యాటరీ మైనస్ మీద పెడితే, ఎంత కదిపినా 5 వోల్టులు కదల్లేదు. అంటే సరఫరా బాగుంది. నల్లపుల్లని ప్లగ్గులోని ఎర్త్ పిన్ను మీదకు మార్చాం. ఈసారి వైరు కదిపితే 5 కాస్తా సున్నా! తెగుతున్నది ఎర్త్ వైరన్నమాట. సెన్సార్‌కి ఎర్త్ పోతే సిగ్నల్ పైకెక్కి కూర్చుంటుంది, అందుకే 0193.

టేపు విప్పి చూస్తే, వైర్ల కట్టని పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయి ఉంది. కట్ట ఇనుప పట్టీ అంచుకి రాసుకుని, రాసుకుని తొడుగు అరిగిపోయింది. లోపల రాగి పచ్చగా చిలుమెక్కి, రెండు మూడు పోగులే మిగిలాయి. చెడిన ముక్క కత్తిరించి, కొత్త ముక్క సోల్డరింగ్ చేసి, స్లీవ్ వేడిచేసి అతికించి, క్లిప్పు బదులు ట్యాగ్ వేశాం. కోడు చెరిపించాం. అన్నీ కలిపి 300 లోపే. మర్నాడు తెల్లారేసరికి కాయ యార్డులో ఉంది. సాయంత్రం మా ఊళ్లో వాన పడింది.

ఎర్త్ బాగుండి 5 వోల్టులే రాకపోతే, ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలా బండ్లలో అదే 5 వోల్టులు వేరే సెన్సార్లకు కూడా పోతాయి. అందులో ఏ ఒక్కటి షార్టయినా ఇది కూడా పడుకుంటుంది. మిగతావి ఒక్కొక్కటే ప్లగ్గు తీస్తూ చూస్తే దొంగ దొరుకుతాడు. మూడు వైర్లూ బాగుంటే అప్పుడు సెన్సార్‌ని అనుమానించాలి. కోడు 0087 అయితే దారి వేరు. ముందు డీజిల్ ఫిల్టరు, డీజిల్లో నీళ్లు, గాలి పీల్చే పైపులు చూడాలి. పంపు వంతు ఆ తర్వాతే.

ఇక జాగ్రత్తలు. ఇవి అన్నిటికన్నా ముఖ్యం. పాత ఇంజన్లలో గాలి తీయడానికి నడుస్తుండగానే నాజిల్ నట్టు లూజు చేసేవాళ్లం. ఈ ఇంజన్లలో ఆ పని కలలో కూడా చేయకండి. రైలులో ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి ధార చాలు, చర్మం చీల్చుకుని డీజిల్ లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, చెయ్యి పోయేంత ప్రమాదం. అలా జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఈ వైర్లకు బల్బు టెస్టర్ పెట్టకండి, డిజిటల్ మీటరే వాడండి. 12 వోల్టులు పొరపాటున కూడా తగలనివ్వకండి, కంప్యూటర్ పోతుంది. వైరు తొడుగుకి సూది గుచ్చి చూడకండి, ఆ చిల్లులోంచే తేమ దిగి చిలుమెక్కుతుంది.

మెకానిక్కులందరూ మోసగాళ్లని నేననడం లేదు. పొద్దున్నుంచి పది బండ్లు చూసేవాళ్లకు వైరు పట్టుకుని కూర్చునే తీరిక ఉండదు. మన బండి కాబట్టి మనం అడగాలి. పంపు మార్చాలని ఎవరన్నా అంటే కోపగించుకోకుండా ఈ రెండే అడగండి: "అన్నా, కోడు నంబరెంత? ఇంజన్ ఆపి తాళం ఆన్ చేస్తే మెషిన్‌లో రైలు ప్రెజర్ ఎంత చూపిస్తోంది?" రెండో దానికి జవాబు సున్నా దగ్గర్లో లేకపోతే, వైర్లు చూశాకే పంపు మాట ఎత్తమనండి.