రాలిన చుక్క

మా పల్లె సత్తుపల్లికి దగ్గరే. ఊరు దాటితే పొలాలు, పొలాలు దాటితే అడవి. మొక్కజొన్న కంకి పాలు పోసుకున్న నాటి నుంచి అడవి పందుల కోసం ఎవరో ఒకరు మంచె మీద పడుకోవలసిందే. క్రిందటి సంక్రాంతి సెలవుల్లో నాన్నకు తోడుగా నేనూ మంచె ఎక్కాను. అప్పటికి నానమ్మ మంచం పట్టి నెల దాటింది.

రాత్రి పదకొండు దాటి ఉంటుంది. ఉన్నట్టుండి చేలో నీడలు కదిలాయి. వెన్నెల లేని రాత్రి నీడలెక్కడివని తలెత్తేసరికి, పచ్చని నిప్పుముద్ద ఒకటి భద్రాచలం అడవి దిక్కుకు జారిపోతూ రెండు ముక్కలై ఆరిపోయింది. మూడు నాలుగు సెకన్లు, అంతే. నాకు నోట మాట రాలేదు.

నాన్న చుట్ట ముట్టించాడు. కాసేపటికి దూరాన గుడగుడమని మోత. ఆకాశాన మబ్బు తునకైనా లేదు.

"బొగ్గు గనిలో పేల్చారేమో" అన్నాను.

"గని మోత కాళ్ళ కింద నుంచి వస్తదిరా. ఇది పైనుంచి వచ్చింది" అన్నాడు. కొంచెం ఆగి, "నానమ్మకు చెప్పకు" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. చుక్క రాలితే ఒక ప్రాణం పోతుందని మా పెద్దల నమ్మకం.

చదువుకున్నవాణ్ణి గదా, ఊరుకుంటానా! అది చుక్క కాదు, ఉల్క అన్నాను. సూర్యుని చుట్టూ తిరిగే రాయి సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గని వేగంతో మన గాలిలోకి దూసుకొస్తుంది. ముందున్న గాలి నలిగి, కాగి, రాయిని కరిగిస్తుంది. చిన్నవి చాలా ఎత్తులోనే ఆరిపోతాయి. పెద్దవి కిందికి వస్తేనే మోత వినిపిస్తుంది. 1852లో నెల్లూరు జిల్లా యాటూరులో రాయి పడింది. 1870లో నాటి విశాఖపట్నం జిల్లా నెడగొల్లలో ఇనుప ఉల్క పడింది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు, వెలుగు చూద్దామని కిటికీల దగ్గరకు వెళ్ళినవాళ్ళను వెనకాలే వచ్చిన పేలుడు తాకిడికి పగిలిన అద్దాలు గాయపరిచాయి.

నాన్న అంతా విని, "వెలుగుకీ మోతకీ మధ్య ఎంత సేపు పట్టింది?" అన్నాడు.

నేను చూసుకోలేదు! రెండేళ్ళుగా ల్యాబులో స్టాప్‌వాచీ పట్టుకుంటున్నవాణ్ణి.

"చుట్ట ముట్టించి పన్నెండు దమ్ములు లాగాను" అన్నాడాయన. మరునాడు వాచీ పెట్టి, మళ్ళీ అదే తీరున చుట్ట తాగించాను. రెండు నిమిషాల పది సెకన్లు. ధ్వని వేగంతో గుణిస్తే దాదాపు నలభై కిలోమీటర్లు! ఏ చెట్టు కొమ్మ మీద వెలిగిందో, ఏ తాటి తల పక్కన ఆరిందో కూడా ఆయనే చూపించాడు. మిత్రులారా, మీకు అలాంటిది కనబడితే నాలాగా నోరు తెరవకండి, మా నాన్నలాగా లెక్క పెట్టండి.

మాఘంలో నానమ్మ పోయింది. పెద్దకర్మ నాడు చుట్టాలలో ఒకాయన, "ఆ రాత్రి రాలిన చుక్క ఈమెదే" అన్నాడు. నేను నోరు విప్పబోయే లోపలే నాన్న, "అది రాయి బావా. నలభై కిలోమీటర్ల అవతల ఆరిపోయింది. మా అమ్మ ముసలితనంతో పోయింది" అన్నాడు.

ఆ రాత్రి మంచె మీద ఆయన చాలాసేపు ఆ తాటిచెట్టు దిక్కే చూస్తూ కూర్చున్నాడు. నేనేమీ వివరించలేదు.