అప్పుల నాటకం... డ్రూరీ లేన్!

లండన్ వెళ్లినవాళ్లు కోవెంట్ గార్డెన్ స్టేషన్లో దిగి కాసేపు నడిస్తే, క్యాథరిన్ స్ట్రీట్‌లో ఓ పాత థియేటర్ కనిపిస్తుంది. పేరు డ్రూరీ లేన్... కానీ ఆ వీధివైపున్నది దాని వీపు!

1777 మే 8న 'ద స్కూల్ ఫర్ స్కాండల్' నాటకం మొట్టమొదట ఆడింది ఈ చోటే. అప్పటి భవనం వేరనుకోండి. రాసిన షెరిడన్ థియేటర్ యజమానుల్లో ఒకడు. ఊళ్లోవాళ్ల గుట్టుమట్లు చెప్పుకుని పొద్దుపుచ్చే పెద్దింటివాళ్లని అందులో ఉతికి ఆరేశాడు. అప్పుల్లో మునిగిన చార్లెస్ తాతముత్తాతల చిత్రపటాలన్నీ అమ్మేస్తాడు... బాబాయి పటాన్ని మాత్రం ఎంతిస్తామన్నా ఇవ్వడు. వడ్డీవ్యాపారి వేషంలో బేరమాడుతున్నది, ఇండియాలో బాగా గడించి వచ్చిన ఆ బాబాయే! ఇంకేముంది, కుర్రాడి కష్టాలు గట్టెక్కుతాయి.

షెరిడన్‌కి అలాంటి బాబాయి దొరకలేదు. 1794లో మరింత పెద్దదిగా కట్టించిన థియేటర్ 1809 ఫిబ్రవరి 24న కాలిపోయింది. ఎంపీ కాబట్టి, బాకీల కోసం అరెస్టు చేయించడానికి వీల్లేకపోయింది. 1812లో ఇప్పుడున్న భవనం తెరుచుకుంది. అదే ఏడాది అతని సీటూ పోయింది. మరుసటేడు అరెస్టు!

1816లో కన్నుమూసేనాటికి ఇంట్లో జప్తుకొచ్చిన మనుషులు... అంత్యక్రియలకేమో డ్యూకులు కదిలొచ్చారు. వెస్ట్‌మినిస్టర్ అబేలో, రచయితల సమాధులుండే మూలన అతనిదీ ఉంది. థియేటర్ నుంచి అరగంట నడక. ఆ రాయి వేయించింది కూడా ఓ స్నేహితుడే.