ముసలాయన నీళ్ళు

2023 డిసెంబరులో సియాటిల్ దగ్గర స్కైకోమిష్ నదికి స్టీల్‌హెడ్ చేపల కోసం వెళ్ళాను. (సముద్రానికెళ్ళి నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌటే ఇది. వెయ్యిసార్లు విసిరితే ఒకటి పడుతుందని ఇక్కడి నానుడి. నా లెక్క ఇంకా సున్నా.) నీళ్ళలో ఒకే ఒక్క ముసలాయన. నదికేం, బోలెడంత ఉంది కదా అని ఆయనకి నలభై అడుగుల దిగువన దిగి గాలం విసిరాను. ఆయన నన్నో చూపు చూసి, రీలు చుట్టేసుకుని, మాట్లాడకుండా ఒడ్డెక్కి వెళ్ళిపోయాడు.

నా రంగు చూసే అనుకున్నాను. పరాయిదేశంలో మనకి ముందు తట్టేది అదే మరి.

సోమవారం ఆఫీసులో ఒకతనికి ఉక్రోషంగా చెప్తే తల పట్టుకున్నాడు. అక్కడ ఎవరూ ఒకేచోట పాతుకుపోరట. విసరడం, ఈకల ఎర ప్రవాహానికి అడ్డంగా కొట్టుకొచ్చేదాకా ఆగడం, రెండడుగులు దిగువకి జరగడం, మళ్ళీ విసరడం. అంటే ఆయన అడుగడుగూ జరుగుతూ ఏ నీళ్ళకోసం వస్తున్నాడో, సరిగ్గా అందులోనే నేను దిగబడ్డానన్నమాట! కొత్తగా వచ్చినవాడు ఎగువన, ఆయన వెనకాల దిగాలి. అదీ అడిగి. ఇదంతా ఏ బోర్డు మీదా రాసుండదు. సినిమాహాలు క్యూలో మధ్యలో దూరినవాళ్ళని తిట్టిన నోరే నాది.

తర్వాత రెండు శనివారాలు అక్కడికే వెళ్ళాను. ఆయన కనపడలేదు. మూడోసారి వేరే ఇద్దరున్నారు. "మీ వెనకాల దిగొచ్చా?" అని అడిగితే రమ్మని చెయ్యూపారు. రెండు గంటలు వాళ్ళ వెనకే జరిగాను. చేప మాత్రం పడలేదు లెండి.