శేషాచలంలో ఇరుగుపొరుగు

తిరుపతి వెళ్లివచ్చేవారు వేలకు వేలు. స్వామి దర్శనం కాగానే ఇంటిదారి పట్టకుండా, ఆ కొండల్లో మరొక్క పూట తిరిగేవారు మాత్రం బహు తక్కువ. ఈసారి వెళ్లినప్పుడు భాకరాపేట మీదుగా తలకోనకు వెళ్లండి. సిద్ధేశ్వరస్వామి గుడి, 270 అడుగుల జలపాతం ఎలాగూ చూస్తారు. వాటితోపాటు, ఆ కొండల్లో కాపురముండే ఇద్దరిని కూడా పలకరించి రండి.

మొదటిది ఎర్రచందనం. మొసలి చర్మంలా పగిలిన నల్లని బెరడు. వేసవి మొదట్లో పసుపుపచ్చని పూలు. పేరు చందనమే గాని, చెక్కకు వాసన లేదు. రెండవది పసుపుగొంతు పిగిలిపిట్ట. బూడిదరంగు పొట్ట, పసుపు పూసినట్లుండే తల, గొంతు. బండరాళ్ల మధ్య పొదల్లో నక్కి కూస్తుంది. గొంతు వినబడినంత సులభంగా మనిషికి కనబడదు.

శాస్త్రజ్ఞుల లెక్కలో వీరికి చుట్టరికమే లేదు. చెట్టు వృక్షరాజ్యంలో చిక్కుడు కుటుంబానిది. అంటే మన వంటింటి కందికీ, పెసరకూ దాయాది. పిట్ట జంతురాజ్యంలో పాటపక్షుల తెగకు చెందిన పిగిలి కుటుంబానిది. పెరట్లోని గోరింకకు దూరపు బంధువు.

కష్టంలో మాత్రం ఇద్దరూ ఇరుగుపొరుగే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారి ఎర్రజాబితాలో ముప్పుకు మూడు మెట్లున్నాయి. పిట్ట మొదటి మెట్టు మీద, చెట్టు రెండవ మెట్టు మీద ఉన్నాయి. మూడవ మెట్టు దాటితే అడవిలో ఇక కనబడవన్నమాట.

చెట్టుకు శత్రువు దాని చేవే. ఆ ఎర్రని చేవతో చేసిన సామానుకూ, వాద్యాలకూ విదేశాల్లో గిరాకీ. 1995లో దాని అంతర్జాతీయ వ్యాపారానికి కట్టుబాట్లు విధించినా, దొంగగొడ్డళ్లు ఆగలేదు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి, నరకడానికి ఎంతసేపు?

పిట్టను కొనేవాడెవడూ లేడు. దానికి ముప్పు రాతి క్వారీలతోనూ, పొదల నరికివేతతోనూ వస్తున్నది. అందుచేత చెట్టుకు కావలి కావాలి, పిట్టకు కొండే కావాలి. శేషాచలంలో 1989 నుంచి జాతీయ ఉద్యానవనం ఉన్నది గనుక అక్కడ రెంటికీ కొంత నీడ దొరికింది. ఆ నీడ అందని గుట్టలు దక్షిణాదిన ఇంకా ఎన్నో ఉన్నాయి; పిట్ట వాటిమీద కూడా బతకాలి.

కొత్త ఇంటికి నున్నని రాతిపలకలు ఎంచుకొనేటప్పుడు, అవి ఏ గుట్టవో ఒక్కమాట అడగండి. ఆ గుట్ట మీద కూడా ఎవరో ఒకరి కాపురం ఉండే ఉంటుంది.