ఆ హాస్టల్ కథలో మనం లేం

హాస్టల్ నవల అంటే మన కథలా ఉంటుందని ఎనిడ్ బ్లైటన్ ‘మాలొరీ టవర్స్’ చదివాం. 1946లో మొదలైన ఆరు పుస్తకాల్లో మొదటిది. సముద్రం పక్కన స్కూలు, రాళ్ల మధ్య ఈతకొలను, కోపిష్టి డారెల్... బాగానే ఉంది గానీ మాకు నిరాశే మిగిలింది.

డారెల్‌కి ఇంటి భాషా బడి భాషా ఒక్కటే. మేం ఆశ్రమ పాఠశాలకు వచ్చిన మొదటి రోజు కోయలో నీళ్లడిగితే క్లాసంతా నవ్వింది. సాయంత్రం దాకా దాహంతోనే ఉన్నాం.

సెలవులు అయిపోతే డారెల్ సంతోషంగా తిరిగొస్తుంది. మా దగ్గర సంక్రాంతి సెలవుల తర్వాత రెండు ట్రంకు పెట్టెల తాళాలు ఎవరూ తీయలేదు. వాళ్లెందుకు రాలేదని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

ఆ పెట్టెల కథ మనమే రాయాలి.